కట్టు దాటిన గాలి

"రెండు చీరెలు చాలు. పట్టుకాయలు కోసేదాకనే గద," అంటూ కొమురవ్వ కోడలి బట్టలు సంచిలో కుక్కుతోంది. "కన్ను మూసి తెరిచెవరకు మల్ల ఈడనే ఉంటవు."

వనజ గోడకు ఆనుకుని చూస్తోంది. చీరెలు తనవి, సంచి తనది, పుట్టింటికి పోవాల్సింది తను. సర్దడం మాత్రం అత్త వంతు అయింది. మొన్నటి నుంచి ఈ ఇంట్లో అందరూ ఆమె గురించి మాట్లాడుతున్నారు, ఆమెతో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు.

"నేను పోను అత్తమ్మా."

"పోకుంటె ఎట్లనే? పెద్దమనిషి బానయ్య గడపల నిలవడి చెప్పిపాయె. నలుగురి మాట కాదంటమా?"

"మామ చెప్పిండా?"

కొమురవ్వ చేతులు సంచి మీద ఆగాయి. అంతయ్య ఏమీ చెప్పలేదు. పురుగులు చెట్లెక్కిన నాటి నుంచి ఆయన అడవిలోనే ఉంటున్నాడు, ఇంటికి రాడు. కాకపోతే నిన్న కోడలు వండి పంపిన అన్నం గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చింది. బానయ్య చెప్పిన మాట కన్నా ఆ గిన్నే వనజను ఎక్కువ బాధపెట్టింది.

చెన్నూరు అవతలి ఆ ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు అడవిలో మద్ది చెట్ల మీద పట్టు పురుగులు పెంచుతారు. పురుగుల్ని చెట్లకెక్కించిన రోజే వనం చుట్టూ పసుపు తాడు కట్టి, మధ్య మధ్య వేపమండలు గుచ్చుతారు. దానికి కట్టు అని పేరు. కట్టు లోపలికి ఆడవాళ్లు పోకూడదు, మగవాళ్లయినా చెప్పులు విడిచే పోవాలి. పెంచేవాళ్లు గెడ్డం తీయరు, ఒంటిపూట తింటారు, పిట్టల్ని తోలుకుంటూ గుడిసెల్లోనే పడుకుంటారు. ఇంత నిష్ఠగా ఉన్నా పురుగులు చస్తే అడిగే ప్రశ్న ఒక్కటే. కట్టు ఎవరు తప్పారు? తప్పినవాళ్లు, పురుగులు అల్లుకున్న పట్టుకాయలు కోసేదాకా ఊరి పొలిమేర అవతల ఉండాలి.

మొన్న మధ్యాహ్నం అంతయ్య వంతు చెట్ల మీది పురుగులు పచ్చనీళ్లు కక్కుకుని కుప్పలుగా రాలాయి. అదే సమయానికి వనజ కట్టు దాటింది, అదీ కాళ్లకు చెప్పులతో. దాటావా అని అడిగితే దాటానంది. లేదని బుకాయించే తెలివి ఆమెకు లేకపోయింది. దాంతో విచారణ అయిపోయింది.

"ఎందుకు దాటినవని ఒక్కలన్న అడిగిండ్రా అత్తమ్మా?"

"దాటినంక ఎందుకైతేంది బిడ్డా?"

"అన్నం తీస్కోని పోయిన. తాడు కాడ నిలవడి పిలుస్తున్న. మామ అవతలి చెట్ల కాడ ఉండె. నా కండ్ల ముందట పురుగులు టపటప రాలుతుంటె చెప్పులు గిప్పులు యాదికొస్తయా? ఉరికిన. ముక్కుల మందు వాసన గూడ కొట్టింది."

ఆ చివరి మాటకు కొమురవ్వ తలెత్తింది. ఏదో అనబోయినట్టే కనిపించింది. కానీ మళ్లీ తల దించుకుని సంచి జిప్పు లాగేసింది.

"నీ మొగడు బండి తీస్తుండు. చెన్నూరుల బస్సెక్కి మంచిర్యాల్ల దిగు. ఆన్నుంచి ఖానాపూర్ బస్సు దొరుకుతది."

*

నాగరాజు కొట్టంలో ఉన్నాడు. మందు కొట్టే చార్జింగు పంపును గోనెపట్టాలో చుట్టి బండికి కడుతున్నాడు. ప్రెజర్ సరిగా రావడం లేదట, ఎలాగూ చెన్నూరు పోతున్నారు గనక బాగు చేయించుకు రావచ్చట. పెళ్లాన్ని పుట్టింటికి సాగనంపే దారిలోనే పంపు రిపేరు కూడా అయిపోతుంది. మనిషి పొదుపరి.

"పొద్దుగాల పత్తి చేన్లకు పోయొచ్చిన," అంది వనజ.

"ఎందుకు?"

"అడవి దిక్కు సాల్ల పొంటి నడిచిన. ఆకుల మీద తెల్లగ మందు చారలున్నయి. రోడ్డు దిక్కు సగమే కొట్టినన్నవు గద?"

నాగరాజు తాడు బిగిస్తున్నాడు. జవాబు లేని మాట ఎదురైతే అతని చేతులకు ఎక్కడలేని పని పుట్టుకొస్తుంది. పెళ్లయిన కొత్తలో వనజ దాన్ని పనిమంతుడి లక్షణం అనుకుని మురిసిపోయింది.

"పురుగులు గూళ్లు అల్లేదాక అడవి దిక్కు మందు కొట్టనని మామకు మాటిచ్చినవు. నా ముందటనే ఇచ్చినవు."

"మెల్లగ మాట్లాడు. అవ్వ ఇంటది."

"ఇననీ."

"కాయకాయకు గులాబి పురుగు పట్టింది వనజా. ఇటు కొట్టి అటు ఇడిస్తె, అటుది మల్ల ఇటే వస్తది. బాపుకేమో అడవిల పురుగు బతకాలె, నాకేమో చేన్ల పురుగు సావాలె. నడుమ నేనేం జెయ్యాలె, నువ్వే జెప్పు."

"గాలి లేనప్పుడు కొట్టాలె."

"మొదలు పెట్టినప్పుడు ఆకు గూడ కదలలే. నడి పగటీలికి గాలి లేసింది."

"లేసినంక ఆపాలె గద."

"పంపుల మందు కలిపినంక ఎవడన్న ఆపుతడా? పారబోస్కుంటడా? అది గంత దూరం పోతదని నాకేమెర్క?"

పొద్దున ఆ చారలు చూసినప్పటి నుంచీ వనజకు అనుమానమే. అయినా అనుమానం ఉన్నంతసేపూ, అది తప్పేమోనన్న ఆశ కూడా ఏదో మూల ఉండింది. ఇప్పుడు మొగుడి నోటితోనే విన్నది.

"ఎర్కయి గూడ నలుగుర్ల నోరు మూస్కోని కూసున్నవా? బానయ్య నన్ను అడుగుతుంటె నా పక్కనే ఉంటివి."

"బాపుకు తెలిస్తె పత్తి మొత్తం పీకిస్తడు. బానయ్యోళ్లకు తెలిస్తె నన్ను నడిబజాట్ల నిలవెడ్తరు. నువ్వయితె..." అతను తాడు వదిలి మొదటిసారి ఆమె వైపు చూశాడు. బతిమాలుతున్నట్టే ఉంది ఆ చూపు. "పుట్టింటికి పోయొచ్చినట్టె ఉంటది. మీ అవ్వ దగ్గర తిని పంటవు. ఏం బోతది?"

ఏం పోతుందో చెప్పాలని వనజ నోరు తెరిచింది. మామ పురుగుల్ని చంపిన కోడలని ఒకసారి పేరు పడితే, ఆమె ముసలిదయ్యాక కూడా ఆ ఊళ్లో ఏ పురుగు రాలినా ఆ పేరే తలుచుకుంటారు. ఖానాపూర్‌లో తల్లికి ఏమని చెప్పుకోవాలి? ఇదంతా ఇతనికి చెబితే మళ్లీ తాడు బిగిస్తాడు. అందుకని వేరే మాట అడిగింది.

"నీ చేన్ల పురుగు సచ్చిందా?"

"సగం సచ్చింది. ఎల్లుండి మల్ల కొట్టాలె."

"బానయ్యోళ్ల చెట్ల మీద ఇంక పురుగులు బతికున్నయి. అవి రాలినప్పుడు ఎవలి కోడల్ని పుట్టింటికి తోలుతరు?"

నాగరాజు బండి స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడులో అతను ఏమన్నా అన్నాడో లేదో ఆమెకు వినపడలేదు.

*

చెన్నూరులో బస్సులు ఆగే చోటికి ఎదురుగా, పంపులు బాగు చేసే అబ్బాస్ దుకాణం ఉంది. నాగరాజు పంపు అక్కడ దించి, దాని పక్కనే వనజ సంచి పెట్టాడు.

"బస్సొస్తె ఎక్కు. నేను మందు దుకాణంకు పోయి, ఆన్నుంచి అటే చేన్లకు పోత," అన్నాడు. అంతకు మించి చెప్పడానికి అతనికేమీ దొరకలేదు. వెళ్లిపోయాడు.

"కూసో చెల్లె, బస్సుకు జర టైముంది," అని అబ్బాస్ స్టూలు జరిపాడు. పెద్దాయన, గెడ్డం సగం నెరిసింది. పంపు గొట్టం చివరన ఉన్న నాజిల్ విప్పి, సబ్బునీళ్లతో కడిగి, దుకాణంలోని కొత్త పంపుకు బిగించాడు. మందు అంటిన డబ్బాను బజార్లో పరీక్ష చేయనని, అది తన పద్ధతని చెప్పాడు. కొత్త పంపులో మంచినీళ్లు పోసి మీట నొక్కాడు.

గొట్టంలోంచి వచ్చింది నీళ్లని చెబితేనే తెలుస్తుంది. సన్నని పొగ లేచి దుకాణం ముందు ఒక్క క్షణం నిలబడింది. ఎటునుంచో చిన్న గాలి వచ్చింది. పొగ కదిలి రోడ్డు మీదికి పోయి, అక్కడ కనిపించకుండా పోయింది.

ఆ వెంటనే రోడ్డు అవతల బజ్జీల బండి దగ్గర కోమల గొంతు లేచింది.

"అబ్బాస్ భాయ్! నూనెల నీళ్లు పడ్తున్నయి! చిటపటమంటుంది, నా మొకం కాల్చేటట్టున్నవు!"

"మాఫ్ చెయ్యి కోమలక్కా! ఉత్త నీళ్లే, కొత్త పంపు, ఫికర్ చెయ్యకు!"

వనజ స్టూలు మీంచి లేచి నిలబడింది. దుకాణానికీ బజ్జీల బండికీ మధ్య రెండు బస్సులు ఒకదాని పక్కన ఒకటి పోయేంత రోడ్డుంది.

"గంత దూరం పోయిందా భాయ్?"

"పోదా మరి? ప్రెజర్ తక్కువుందని తెచ్చిండు మీ ఆయన. తక్కువేడిది, ప్రెజర్ బటన్ ఆఖరుదాక తిప్పి ఉంది, ఎక్కువనే వస్తది. ప్రెజర్ ఎక్కువ, నాజిల్ రంధ్రమేమో సన్నం. ఇగ పొగనే వస్తది. పొగ ఆకు మీద నిలుస్తదా చెల్లె? గాలి ఎటు తీస్కపోతె అటు."

"మరి గిసొంటిది ఎందుకు అమ్ముతవు?"

అబ్బాస్ నవ్వాడు. "అందరు గిదే అడుగుతరు. సన్నగ పొగ లెక్క కొడితె మందు కలిసొస్తది అంటరు. వద్దంటె ఇంకో దుకాణంకు పోతరు. గిది మీ మామ అంతయ్యనే నిరుడు ఏరుకోని తీస్కపోయిండు."

వనజ ఆ మాట విననట్టే ఉండిపోయింది. విన్నది, కానీ దాన్ని ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

అబ్బాస్ ఇంకో నాజిల్ బిగించి మీట నొక్కాడు. ఈసారి నీళ్లు చినుకుల్లా అతని కాళ్ల ముందే పడి మట్టి తడిసింది. రోడ్డు అవతల కోమల మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఎదురుచూసింది గానీ ఆమె దాకా ఏమీ పోలేదు.

"గిది పెట్టి, ప్రెజర్ తగ్గించి, గొట్టం చెట్టుకు దగ్గర వంచి కొట్టుమను. నీళ్లు జర ఎక్కువ మోయాలె. అందుకే ఎవలు కొనరు."

మంచిర్యాల బస్సు వచ్చి ఆగింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. వనజ సంచి భుజాన వేసుకుంది. బస్సు మెట్టు వైపు చూసింది, అబ్బాస్ చేతిలోని గొట్టం వైపు చూసింది. కండక్టరు ఆమెను చూసి రెండుసార్లు పిలిచి, విసుక్కుని బెల్లు కొట్టాడు.

"బస్సు పాయె గద చెల్లె!"

"పోనీ భాయ్. గీ కొత్త పంపు మాపటిదాక ఇస్తవా? గా సన్న నాజిల్‌తోనే ఇయ్యి."

"మందు కొట్టనీకా?"

"మందు ముట్టనియ్య. ఉత్త నీళ్లే."

అబ్బాస్ ఆమె మొహం చూసి, సన్న నాజిల్ మళ్లీ బిగించి ఇచ్చాడు. పక్కనున్న కిరాణా దుకాణంలో వనజ బట్టలకు పెట్టే నీలిమందు సీసా కొన్నది. ఊరికి పోయే ఆటో ఎక్కి, పంపును ఒళ్లో పెట్టుకుని కూచుంది.

*

చేను దగ్గర ఆటో దిగేసరికి అత్త ఎదురుపడింది. కొమురవ్వ తల మీద అన్నం గిన్నె, చంకలో అంతయ్యకు ఉతికిన తెల్లపంచె. కోడలిని చూసి ఆమె అడుగు ఆగింది.

"పోలేదానే?"

"పోలే."

"ఆ పంపెవలిది?"

"అబ్బాస్ భాయ్‌ది. అత్తమ్మా, గా పంచె నాకియ్యి. తడి అయితది, నీలమైతది, మల్ల ఉతికిస్త."

కొమురవ్వ పంపును చూసింది, సీసాను చూసింది, అడవి వైపు వంగుతున్న పత్తి ఆకుల్ని చూసింది. మొన్నటిలాగే మధ్యాహ్నం గాలి రోడ్డు వైపు నుంచి మద్ది చెట్ల మీదికి వీస్తోంది. ఎందుకని అడుగుతుందేమో, తిడుతుందేమో అని వనజ ఎదురుచూసింది. కొమురవ్వ మాట్లాడకుండా పంచె తీసి ఇచ్చింది. కోడలి భుజం మీది సంచి తీసి తన భుజాన వేసుకుంది.

చేనుకూ అడవికీ నడుమ బండ్లబాట ఉంది. బాట అవతలే పసుపు తాడు. వనజ చెప్పులు బాట మీదే విడిచి, తాడు దాటకుండా ఇవతలి నుంచే పంచె విప్పి, తాడు మీద ఆరేసినట్టు వేసింది. ఆ చెట్ల మీద ఇప్పుడు ఒక్క పురుగు కూడా లేదు. ఉన్నవన్నీ రాలిపోయాయి గనక నీలినీళ్లు తగిలినా పోయేదేమీ లేదని ఆమె ధైర్యం.

బోరు దగ్గర పంపు నింపి, నీలిమందు సీసా మొత్తం పోసి, వీపున తగిలించుకుంది. అడవి దిక్కు సాళ్లలో నాగరాజు ఎలా నడుస్తాడో అలాగే, గొట్టం పైకెత్తి కొట్టుకుంటూ నడిచింది. బరువుకు భుజాలు లాగుతున్నాయి. తలతిప్పి చూస్తే గాలిలో ఏమీ కనిపించలేదు. పంచె తెల్లగానే ఉంది. ఇంత చేసి నవ్వులపాలవుతానేమోనని ఆమెకు భయమేసింది.

చివరి సాలు దాకా కొట్టి, పంపు దించి, బాట దాటి దగ్గరికి పోయి చూసింది.

పంచె నిండా సన్నని నీలి చుక్కలు. ఆవాలు చల్లినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్నాయి. తాడుకు గుచ్చిన వేపమండల మీద కూడా ఉన్నాయి. వనజకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి.

"మామా!" అని తాడు ఇవతలి నుంచే కేకేసింది.

అంతయ్య వచ్చాడు. గెడ్డం పెరిగి, కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. వెనకే బానయ్య. పురుగులు పెంచేవాళ్లలో బానయ్యే పెద్ద. వనజను చూడగానే అతని నుదురు ముడిపడింది.

"పొలిమేర దాటుమంటె మల్ల కట్టు కాడికే వచ్చినవా? అంతయ్యా, నీ కోడలికి మాట చెవుల పడదా?"

"కట్టు దాటలే పెద్దయ్యా. చెప్పులు గూడ బాట మీదనే ఉన్నయి," అంది వనజ. "నేను పత్తి సాల్లల్ల నిలవడి నీళ్లు కొట్టిన, నీలిమందు కలిపి. తాడు కాడికి రాలే. అయిన సూడుండ్రి ఎంత వచ్చిందో."

అంతయ్య పంచె కొస పట్టుకున్నాడు. వేలితో రుద్దాడు. వేలు నీలంగా అయింది. పైకి చూశాడు. మద్ది ఆకుల మీద, తన నెత్తికి పైన ఉన్న కొమ్మ మీద కూడా అవే చుక్కలు.

"పురుగు మైలకు సచ్చింది, నీళ్లకు గాదు," అన్నాడు బానయ్య.

"మొన్న కొట్టినయి ఉత్త నీళ్లు గావు పెద్దయ్యా."

అంతయ్య వేలికంటిన నీలం నుంచి కళ్లెత్తి కోడలిని చూశాడు. రెండు రోజులుగా ఎవరూ అడగని మాట ఆయన అడిగాడు.

"బిడ్డా, నువ్వు దాటినంక పురుగులు రాలినయా? రాలుతుంటె దాటినవా?"

"రాలుతుంటె సూసే దాటిన మామా. నిన్ను పిల్వనీకె."

ఇన్ని మాటలు, ఇంత గొడవ, అడగాల్సింది మాత్రం ఇదొక్కటే. వనజ ఎదురుచూసిందీ దీనికే.

అంతయ్య తాడు మీదుగా కొమురవ్వ వైపు చెయ్యి చాపాడు. "గిన్నె ఇటియ్యి. ఎవలు వండిండ్రు?"

"నేనే మామా, పొద్దుగాల."

ఆయన గిన్నె అందుకుని మూత తీశాడు. అప్పుడే బండ్లబాట మీద మోటారు సైకిలు చప్పుడైంది.

నాగరాజు బండి దిగాడు. హ్యాండిల్‌కు మందు సీసాల సంచి వేలాడుతోంది. అక్కడున్న భార్యను చూశాడు. సంచి చేతికి తీసుకుని, తాడు దగ్గరికి రాకుండా చేలోకి దిగి, పత్తి సాళ్ల నడుమే ఆగిపోయాడు.

"మంచిగ వచ్చినవు," అన్నాడు బానయ్య. "మొన్న పగటీలి నువ్వు గీ దిక్కు మందు కొట్టినవా?"

నాగరాజు తాడు మీది పంచెను చూశాడు, తండ్రిని చూశాడు. వనజను చూడలేదు.

"లేదు పెద్దయ్యా. రోడ్డు దిక్కే కొట్టిన. గిటు రాలే."

పొద్దున కొట్టంలో అతను ఒప్పుకున్నది విన్నది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు? మొగుడు అంత తేలిగ్గా అబద్ధం ఆడగలడని తెలియడం, పుట్టింటికి పొమ్మన్న దానికన్నా ఎక్కువ నొప్పిగా ఉంది. వనజ పెదవి కొరుక్కుని నేల చూసింది.

"ఇన్నవా అంతయ్యా? నీలిమందు ఆటలు ఎవలన్న ఆడుతరు," అన్నాడు బానయ్య.

"కొట్టిండు."

అందరూ తిరిగి చూశారు. కొమురవ్వ కోడలి సంచి భుజాన వేసుకుని బాట మధ్యలో నిలబడి ఉంది.

"ఆఖరు సాలుదాక కొట్టిండు. నీళ్లు మోసింది నేనే."

"అవ్వా!"

"ఏందిరా అవ్వా? మొన్నటి సంది నోట్ల ముద్ద దిగుతలేదు నాకు. అది ఏడుస్తది, నువ్వు తాడు బిగిస్తవు, నేను చీరెలు సర్దుత. కొడుకువని ఊకున్న. ఇగ నాతోని గాదు."

నాగరాజు మొహం ఎర్రబడింది. దాక్కోవడానికి చోటు లేకపోయేసరికి తండ్రి మీద తిరగబడ్డాడు.

"అవును, కొట్టిన! సన్నగ పొగ లెక్క కొట్టుమన్నదెవలు? గా నాజిల్ తెచ్చిందెవలు? నువ్వు గాదా బాపూ? నువ్వు తెచ్చిందే కొట్టిన, నువ్వు నేర్పినట్టె కొట్టిన!"

గాలికి పంచె తాడు మీద ఒకసారి లేచి పడింది. అంతయ్య చేతిలో అన్నం గిన్నె మూత లేకుండా అలాగే ఉంది. వనజకు ఆయన మీద జాలి కలిగింది. అబ్బాస్ చెప్పినప్పుడే ఈ మాట తెలిసినా, తన నోటితో అనకూడదనే అనుకుంది.

"నేనే తెచ్చిన," అన్నాడు అంతయ్య.

"అయితె ఇప్పుడు పొలిమేర దాటాల్సిందెవలు?" బానయ్య గొంతులో ఇదివరకటి బలం లేదు. "కొట్టినోడా, నేర్పినోడా, సూసి ఊకున్నామెనా? అంతయ్యా, నలుగురికి ఏమని చెప్పాలె నేను?"

అంతయ్య గిన్నె మద్ది చెట్టు మొదట్లో పెట్టాడు. పంచె తీసి భుజాన వేసుకున్నాడు. తాడు ముడి విప్పాడు. పురుగులు గూళ్లు అల్లకముందు ఆ ముడి విప్పడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. బానయ్య "ఏం జేస్తున్నవు?" అని ముందుకొచ్చాడు గానీ ఆపడానికి చెయ్యి రాలేదు.

గుడిసె దగ్గర మిగులు తాడు చుట్ట ఉంది. అది తెచ్చి దీనికి ముడివేసి, అంతయ్య ఒక కొస వనజ వైపు చాపాడు.

"పట్టు బిడ్డా."

"ఆడామె చేతికా?" అన్నాడు బానయ్య.

అంతయ్య విననట్టే బాట దాటి చేలోకి దిగాడు. వనజ కొస పట్టుకుని వెనకే నడిచింది. మొదటి సాలు దాటారు, తర్వాతి సాలు దాటారు. కొడుకు పక్కనుంచే పోయారు. అడవి దిక్కు పత్తిలో సగానికి పైగా దాటాక అంతయ్య ఆగాడు. చేతికర్ర భూమిలో దిగ్గొట్టి తాడు చుట్టాడు. వనజ చేతిలోని కొసను గట్టు మీది తుమ్మమొద్దుకు కట్టమని సైగ చేశాడు. ఆమె కట్టింది.

"ఇగ కట్టు ఈడిదాక. కాయలు కోసేదాక దీని లోపట మందు సుక్క పడొద్దు. బయట కొట్టేదుంటె పెద్ద నాజిల్‌తోని, గాలి లేనప్పుడే. లేసిందంటె పంపుల మందున్నా సరే ఆపాలె."

"లోపటున్న పత్తి ఏం గావాలె బాపూ?" అన్నాడు నాగరాజు. "మొత్తం పురుగు పాలయితది గద!"

ఆ మాట నిజమే. వనజకూ తెలుసు, అంతయ్యకూ తెలుసు. అది వాళ్లందరి తిండి. అంతయ్య ఆ కాయల వైపు చూశాడు, కొడుకు చేతిలోని మందు సంచి వైపు చూశాడు.

"చెప్పులిడువు," అన్నాడు.

నాగరాజుకు ముందు అర్థం కాలేదు. తర్వాత వెనక్కి తిరిగి చూశాడు. పసుపు తాడు ఇప్పుడు అతని వెనక ఉంది. తన చేలో తను నిలబడ్డవాడు, కట్టు లోపల నిలబడి ఉన్నాడు.

బాట మీద కొమురవ్వ సంచి భుజం మార్చుకుంది.

నాగరాజు చెప్పులు విడవలేదు. తాడు దాటి అవతలికీ పోలేదు. వనజ తుమ్మమొద్దు మీది ముడి మీద చెయ్యి అలాగే ఉంచి, అతని కాళ్ల వైపే చూస్తూ నిలబడింది.